పళ్ళ డాక్టరు దీపం: తెలుపు కోసమా, ఎరుపు కోసమా?

పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలగానే మీకు ముందుగా కనిపించేది డాక్టరు మొహం కాదు. నెత్తిమీద వేలాడే లైటు. సూదిని చూసి భయపడిన వాళ్ళకంటే, ఆ లైటు వెలగగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నవాళ్ళనే నేను ఎక్కువమందిని చూశాను. అయినా ఆ లైటు సంగతి ఎవరూ అడగరు. ఏ పేస్టు మంచిది, వేపపుల్ల మంచిదా బ్రష్షు మంచిదా, జ్ఞానదంతం తీయించుకోవాలా అక్కరలేదా – ఇలాంటి ఉత్తరాలు వందలు వచ్చాయి. లైటు గురించి వచ్చిన ఉత్తరం మాత్రం ఒక్కటే.

అమలాపురం నుంచి ఒక తండ్రి రాశారు. "మా అమ్మాయి బి.డి.ఎస్. పాసయింది. ఇంటి ముందు గదుల్లోనే క్లినిక్ పెట్టిద్దామనుకుంటున్నాం. కుర్చీ కొన్నాం. లైట్ల దగ్గరకు వచ్చేసరికి తలో మాటా చెబుతున్నారు. కంపెనీ ఏజెంటేమో ఎన్ని ఎక్కువ లక్స్ వుంటే అంత మంచిదంటాడు. కరెంటు పని చేసే కుర్రాడేమో ఇంట్లో బల్బులే చాలంటాడు. మీరేమంటారు?" అని.

ఆయనకు విడిగా ఒక కార్డు ముక్క రాసి వూరుకోవచ్చు. కాని ఈ సంగతి ఆయన ఒక్కరిదే కాదు. ఒకప్పుడు పళ్ళ చదువు చదవాలంటే మనవాళ్ళు హైదరాబాదు పోవాల్సి వచ్చేది. అక్కడ ప్రభుత్వ దంత కళాశాల 1959లో మొదలయింది. ఇప్పుడు భీమవరంలోనూ, రాజమండ్రి పక్కన రాజానగరంలోనూ దంత కళాశాలలున్నాయి. తణుకు, పాలకొల్లు, రావులపాలెం, మండపేట – ఏ వూరు వెళ్ళినా పళ్ళ డాక్టరు బోర్డు కనిపిస్తుంది. క్లినిక్ పెట్టేవాళ్ళకు లైటు కొనడం ఎలాగో తెలియాలి. ఆ కుర్చీలో కూర్చునే మనకు, ఆ లైటు మన నోట్లో ఏం చూపిస్తుందో, ఏం దాచేస్తుందో తెలియాలి. అందుకే ఈ వారం ఈ పేజీ దీపానికి కేటాయించాను.

నోరనే గుహ

నోరు చిన్న గుహ లాంటిది. చీకటి, తడి, పైగా లోపల నాలుక ఒక చోట నిలవదు. ఇంట్లో దీపం నెత్తిమీద వుంటుంది. దాని కింద మీరు నోరు తెరిస్తే డాక్టరు తల దీపానికి అడ్డం వస్తుంది. ఆయన తల నీడ మీ మొహం మీద, చెయ్యి నీడ మీ నాలుక మీద పడుతుంది. బల్బు ఎంత పెద్దదైనా ఈ నీడ పోదు. నీడ పోవాలంటే వెలుతురు డాక్టరు చూపు వెంటే, చూపు పక్కనుంచే లోపలికి పోవాలి. పళ్ళ డాక్టరు లైటును పొడవాటి చేతికి తగిలించి, ఎటు కావాలంటే అటు తిప్పేటట్టు చేయడంలో రహస్యం ఇదే. ఆ చిన్న గుండ్రటి అద్దం పట్టుకునేదీ సగం ఇందుకే. పై దవడ వెనక పళ్ళ మీదికి సూటిగా వెలుతురు పోదు. అద్దంలో పట్టి పంపాలి.

కరెంటు రాకముందు పాశ్చాత్య దేశాల పళ్ళ డాక్టర్లు కుర్చీని ఉత్తరం కిటికీ పక్కన వేసుకునేవారు. అది వాస్తు కోసం కాదు. ఉత్తరం నుంచి ఎండ సూటిగా లోపలికి రాదు కాబట్టి, రోజంతా ఒకేరకమైన చల్లని వెలుతురు వుంటుంది. చిత్రకారులు కూడా అందుకే ఆ కిటికీనే ఎంచుకునేవారు. మా క్లినిక్‌లో ఉత్తరం కిటికీ ఇప్పటికీ వుంది. ఎన్ని లైట్లు మారినా దాన్ని మూయించలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

లక్స్ లెక్క

ఏజెంటు చెప్పే లక్స్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. ఒక కొవ్వొత్తికి ఒక మీటరు దూరంలో కాగితం పట్టుకుంటే దానిమీద పడే వెలుతురు సుమారు ఒక లక్స్. ట్యూబులైటు వున్న ఇంటి గదిలో వంద నుంచి మూడు వందల దాకా వుంటుంది. నడినెత్తి ఎండలో లక్ష వుంటుంది. నోట్లో పని చేసే లైటు కింద ఎనిమిది వేల నుంచి ఇరవై వేల లక్స్ వుంటే పని హాయిగా సాగుతుంది. ఇప్పుడు వచ్చే లైట్లలో అంతకు మించి ఇచ్చేవీ వున్నాయి. ఈ లెక్కంతా లైటు మొహానికి 70 సెంటీమీటర్ల దూరంలో, అంటే రెండుంపావు అడుగుల దూరంలో కొలిచినది. ఏజెంటు కాగితం మీద పెద్ద అంకె చూపిస్తే, "ఎంత దూరంలో కొలిచారండీ?" అని అడగండి. దగ్గరగా పెట్టి కొలిస్తే ఎంత అంకైనా వస్తుంది.

లైటు ఎంత వెలిగినా, గది చీకటిగా వుంటే డాక్టరుకు పనికిరాదు. మ్యాట్నీ ఆట చూసి మధ్యలో ఎండలోకి వస్తే కళ్ళు చీకట్లు కమ్ముతాయి కదా! అలాగే నోట్లో ఇరవై వేలు, పక్కన పళ్ళెంలో రెండు వందలు వుంటే, డాక్టరు సూది అందుకోవడానికి చూపు తిప్పినప్పుడల్లా కంటిపాప పెద్దదవుతుంది. మళ్ళీ నోట్లోకి చూసినప్పుడల్లా చిన్నదవుతుంది. రోజుకు ఇరవై మందిని చూస్తే ఈ కసరత్తు ఎన్ని వందలసార్లు జరుగుతుందో లెక్కేసుకోండి. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళ మంట. అంచేత గదిలో మామూలు వెలుతురు 500 లక్స్, కుర్చీ చుట్టూ 1,000 లక్స్ వుండాలని ఐరోపా దేశాల ప్రమాణం. నోట్లో వెలుతురుకీ చుట్టూ వెలుతురుకీ పదింతలకు మించి తేడా వుండకూడదని మోటుగా గుర్తుపెట్టుకుంటే చాలు. ఇల్లు కట్టేటప్పుడు ముందు గదికి ఒక్క ట్యూబులైటు పెట్టి వుంటారు. క్లినిక్‌కు అది చాలదు. కుర్చీకి అటూ ఇటూ రెండేసి వుండాలి. సరిగ్గా నెత్తిమీద మాత్రం వద్దు. వెల్లకిలా పడుకున్న మనిషి కళ్ళలోకే సూటిగా కొడుతుంది.

ఇక మీ కళ్ళ సంగతి. మంచి లైటు వెలుతురు గుండ్రంగా చిమ్మదు. అడ్డంగా, నోటి వెడల్పుకు సరిపడా దీర్ఘచతురస్రంలా పడుతుంది. పై అంచు కత్తితో కోసినట్టు ముక్కు దగ్గర ఆగిపోవాలి. కళ్ళ మీద 1,200 లక్స్‌కు మించి పడకూడదని ఐ.ఎస్.ఓ. 9680 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. కొనేముందు పరీక్షించడం కష్టమేమీ కాదు. అమ్మేవాడి దుకాణంలోనే గోడ మీద తెల్లకాగితం అంటించి, రెండుంపావు అడుగుల దూరం నుంచి లైటు వేయించండి. మధ్యలో మచ్చలు, ఇంద్రధనుస్సు రంగులు లేకుండా సమంగా పడుతోందా? అంచు దగ్గర తెగినట్టు ఆగిందా, చెదిరిపోయిందా? తర్వాత కాగితానికీ లైటుకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టండి. చేతినీడ నల్లగా, గట్టిగా పడితే ఆ లైటు వద్దు. నీడ పలచబడి పోతే మంచిది.

మీరు రోగిగా కుర్చీలో వుండగా లైటు కంట్లో పడితే మొహమాటపడకండి. "డాక్టరుగారూ, కంట్లో కొడుతోందండీ" అనండి. ఏ డాక్టరూ తప్పు పట్టడు. పిల్లలను తీసుకెళితే చలువ కళ్ళజోడు ఒకటి చేతిలో వుంచుకోండి. సగం ఏడుపు అక్కడే ఆగిపోతుంది.

చీర రంగు, నోటి రంగు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. లైటు కొనేవాళ్ళంతా ఎంత వెలుగుతుందని అడుగుతారు. ఏ రంగు చూపిస్తుందని అడిగేవాళ్ళు తక్కువ.

మా రాజమండ్రి తాడితోటలో చీరలు కొనే ఆడవాళ్ళను చూడండి. దుకాణంలో దీపాల కింద చీర ఎంత నచ్చినా, చెంగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో ఒకసారి చూడందే డబ్బులివ్వరు. లోపల మామిడిపండు రంగు అనుకున్నది బయటికొస్తే నిమ్మపండు రంగు కావచ్చునని వాళ్ళకు అనుభవం. ఈ జాగ్రత్త పళ్ళకూ కావాలి.

ముందుపన్ను విరిగి కొత్త పన్ను కట్టించుకోవాలంటే డాక్టరు దగ్గర రంగుల నమూనాల చట్టం ఒకటి వుంటుంది. ఎ1 నుంచి డి4 దాకా 16 ఛాయలు. మీ పన్ను ఏ ఛాయకు సరిపోతుందో చూసి ల్యాబుకు రాస్తారు. పసుపు దీపం కింద సరిపోయిన పన్ను ఎండలో తేలిపోతుంది. పెళ్ళిఫోటోలో ఒక్క పన్ను వేరుగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకే మా ఉత్తరం కిటికీని మూయించలేదు. ఛాయ చూసే పని కుర్చీలో కూర్చోగానే, పన్ను తడిగా వుండగానే, మధ్యాహ్నం వేళ, పని లైటు ఆర్పేసి చేస్తాను. నోరు తెరిచి చాలాసేపు వుంచితే పన్ను ఆరి, వున్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. ఆరోజు లిప్‌స్టిక్ పెట్టుకోకుండా వెళ్ళండి. ముదురు రంగు చీరమీద బూడిదరంగు గుడ్డ కప్పమనండి.

కోనసీమలో క్లినిక్ పెట్టేవాళ్ళకు ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కిటికీ బయట కొబ్బరితోట వుంటే లోపలికి వచ్చేది పగటి వెలుతురే గాని, ఆకుల మీదుగా వచ్చేసరికి కొంచెం ఆకుపచ్చ పులుముకుని వస్తుంది. వరండాకు ఆకుపచ్చ ఫైబరు రేకులు వేయించారా, మరీ అన్యాయం. పళ్ళన్నీ పాచిపట్టినట్టు, చిగుళ్ళు పాలిపోయినట్టు కనిపిస్తాయి. గోడలకు ముదురు నీలం, ముదురు గులాబీ వేయించకండి. పాలిపోయిన తెలుపో, లేత బూడిదో మంచిది.

వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు పసుపు బల్బు మూడు వేలకు లోపు. మిట్టమధ్యాహ్నపు వెలుతురు 5,500 నుంచి 6,500. పని లైటు 3,600కూ 6,400కూ మధ్య వుండాలని ఆ ప్రమాణమే చెబుతుంది. అయిదు వేల ప్రాంతం మంచిదని నా అనుభవం. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె ఇంకోటి వుంది. దాన్ని సి.ఆర్.ఐ. అంటారు. పూర్తి నిజానికి 100 మార్కులు. పని లైటుకు 85కు తగ్గకూడదు. 90 దాటితే మంచిది.

ఇక్కడే చాలామంది డాక్టర్లకు కూడా తెలియని మెలిక ఒకటుంది. ఆ మార్కులు ఎనిమిది లేత రంగుల మీద వేసిన సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదింటిలో లేదు! దాన్ని విడిగా ఆర్9 అనే పేరుతో కొలుస్తారు. ఇప్పుడు మనం వాడే తెల్లని ఎల్.ఇ.డి. నిజానికి నీలి దీపం. ఆ నీలి దీపాన్ని కనిపెట్టినందుకే 2014లో జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. దానిమీద పసుపు పొడి పూస్తే నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తుంది. చవక రకాల్లో ఎరుపు పాలు చాలా తక్కువ. సగటు మార్కులు 80 వచ్చిన దీపానికి కూడా ఎరుపులో సున్నా దగ్గర మార్కులు రావచ్చు. లెక్కల్లో సున్నా వచ్చినా మొత్తం మార్కుల్లో పాసయిన కుర్రాడి వ్యవహారం!

బట్టల దుకాణానికి ఎరుపు తగ్గితే ఒక చీర అమ్ముడుపోదు, అంతే. మరి నోరో? పళ్ళు తప్ప నోరంతా ఎరుపే. చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపలి పొర, అంగిలి – అంతా ఎరుపులో రకాలు. ఆ ఎరుపు కాస్త ముదిరినా, కాస్త పాలిపోయినా, మధ్యలో ఒక మచ్చ కట్టినా దానికి ఒక అర్థం వుంటుంది. ఎరుపు చూపించని లైటు కింద ఆ అర్థం కనిపించదు.

మామ్మగారి అంగిలి

కొన్నేళ్ళ క్రితం సముద్రం ఒడ్డు గ్రామం నుంచి ఒక మామ్మగారు మనవరాలితో వచ్చారు. కట్టుడుపళ్ళు వదులయ్యాయి, సరిచేయమని వచ్చారు. నొప్పి లేదు, పుండు లేదు. వదులైన పళ్ళు సర్ది పంపితే పని అయిపోయేది. పళ్ళ సెట్టు తీయించి, లైటు పైకి తిప్పి, అద్దం పెట్టి అంగిలి చూశాను. తెల్లబడిన అంగిలి మీద ఎర్రటి చుక్కలు. వాటి పక్కన, వెనగ్గా, చిన్న వేలిగోరంత మేర మఖమలు గుడ్డ ముక్కలాంటి ఎర్ర మచ్చ.

"మామ్మగారూ, చుట్ట అలవాటుందాండీ?" అన్నాను.

"లేదు బాబూ" అన్నారావిడ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మనవరాలు కిసుక్కున నవ్వింది. "రోజూ రాత్రి అరుగు మీద కూచుని కాలుత్తాది డాక్టరుగారూ. నిప్పు లోపలెట్టుకుని."

"గాలికి ఆరిపోద్ది కదా బాబూ. లోపలెట్టుకుంటే ఆరదు" అన్నారు మామ్మగారు, ఇక దాచి లాభం లేదని.

దీన్నే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళలో ఎక్కువగా వున్న అలవాటు. వలసలతోనూ, వియ్యాలతోనూ మనవైపూ కొంత చేరింది. చుట్ట నిప్పు అంగిలికి అంగుళం దూరంలో కాలుతుంటే వేడీ, పొగా నేరుగా అక్కడే తగులుతాయి. మామూలుగా అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సరు ఈ అలవాటున్నవాళ్ళలో ఎక్కువ. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా, వారి సహచరులు మన ఆంధ్ర గ్రామాల్లో 10,169 మంది అంగిళ్ళను పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రకటించారు. ప్రపంచంలో నోటి క్యాన్సరు గురించి చదువుకునే ప్రతి విద్యార్థికీ మన పల్లెటూళ్ళ అడ్డచుట్ట పాఠమయింది.

మామ్మగారిని పెద్దాసుపత్రికి పంపాను. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరుగా మారుతున్న తొలి దశ అన్నారు. ఆపరేషను చిన్నదానితోనే పోయింది. చుట్ట మానిపించడానికి మాత్రం మనవరాలికి ఆరు నెలలు పట్టింది. ఆ మచ్చను కనిపెట్టింది నా తెలివి అనుకోకండి. తెల్ల మచ్చ ఏ దీపం కింద అయినా కొంత కనిపిస్తుంది. ఎర్ర నోట్లో ఎర్ర మచ్చ కనిపించాలంటే ఎరుపులో తేడాను విడదీసి చూపే దీపం కావాలి. తెల్ల మచ్చ కంటే ఎర్ర మచ్చే ఎక్కువ ప్రమాదకరం కూడా.

అందుకే అమలాపురం పెద్దమనిషికి నేను చెప్పేది ఒక్కటే. పళ్ళ తెలుపు కోసం కాదు, నోటి ఎరుపు కోసం లైటు కొనండి. ఏజెంటును లక్స్ తర్వాత సి.ఆర్.ఐ. అడగండి. దాని తర్వాత ఆర్9 అడగండి. కాగితం మీద ఆ అంకె లేకపోతే మీ అరచెయ్యి లైటు కింద పెట్టి చూడండి. తర్వాత అదే చెయ్యి కిటికీ దగ్గర చూడండి. లైటు కింద చెయ్యి బూడిదగా, శవం రంగుగా కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా ఆ దీపం ఇంటికి తేవద్దు.

పాతదా, కొత్తదా?

ఇంతకాలం వాడిన హాలోజన్ లైట్లకు ఎరుపు విషయంలో వంక పెట్టలేం. నిండు ఎరుపు చూపిస్తాయి. కాని కాస్త పసుపు. పైగా వేడి. మంచి రకంలో వెనక అద్దం వేడిని వెనక్కి వదిలేసి వెలుతురును మాత్రం ముందుకు పంపుతుంది. అయినా రోహిణీ కార్తెలో, రాజమండ్రిలో 45 డిగ్రీలు దాటిన రోజున, ఆ లైటు కింద ఫ్యాను కట్టేసి కూర్చోవడం డాక్టరుకూ రోగికీ శిక్షే. బల్బు కొన్ని వందల గంటల్లో, మహా అయితే రెండువేల గంటల్లో పోతుంది. మార్చేటప్పుడు వేళ్ళతో తాకకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి పగులుతుంది. ఎల్.ఇ.డి. మంచిదైతే ఇరవై వేల గంటలు దాటి వస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు వాడినా ఎనిమిదేళ్ళు. నా ఓటు మంచి ఎల్.ఇ.డి.కే. "మంచి" అన్న మాట మాత్రం మరచిపోకండి.

ఎల్.ఇ.డి.లో ఇంకో పరీక్ష వుంది. కొన్ని చవక దీపాలు కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతాయి. లైటు కింద పెన్సిలు వేగంగా ఊపి చూడండి. ఒకటే చారగా కనిపిస్తే సరే. నాలుగైదు పెన్సిళ్ళు విడివిడిగా కనిపిస్తే ఆ లైటు కింద రోజంతా పనిచేస్తే తలనొప్పి ఖాయం.

పంటి రంగు సిమెంటు నింపేటప్పుడు నీలి వెలుతురు వేయడం మీరు చూసే వుంటారు. ఆ సిమెంటు 470 నానోమీటర్ల ప్రాంతపు నీలి వెలుతురుకు గట్టిపడుతుంది. తెల్లని పని లైటులో కూడా నీలం వుంటుంది కాబట్టి, డాక్టరు ఇంకా సర్దుతుండగానే సిమెంటు బిగుసుకోవడం మొదలెడుతుంది. అందుకని లైటుకు పసుపు వెలుతురు ఇచ్చే రెండో మీట వుండాలి. నీలి దీపం బలం వాడగా వాడగా తగ్గుతుంది. కంటికి అదే నీలంగా కనిపిస్తుంది గాని లోపలి పొర పచ్చిగానే మిగిలిపోతుంది. కొన్నాళ్ళకు ఆ పన్ను జివ్వుమనడం, సిమెంటు వూడిపోవడం జరుగుతాయి. నెలకోసారి కొలిచే చిన్న మీటరు వస్తుంది, కొనుక్కోమని అమ్మాయికి చెప్పండి. సిమెంటును రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేయాలి. మీరు కుర్చీలో వుంటే ఆ నీలి వెలుతురును తేరిపార చూడకండి. నారింజ రంగు అడ్డు దానికోసమే.

కరెంటూ, ఉప్పుగాలీ

మన డెల్టాకు ప్రత్యేకమైన కష్టాలు రెండు. మొదటిది తుపాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టిన తర్వాత పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. పంటి నొప్పికి తుపాను తెలియదు కదా! పెట్రోమాక్స్ లైటు వెనక పెట్టుకుని, టార్చి ఒకరిచేత పట్టించుకుని పళ్ళు తీసిన రోజులవి. టార్చి పట్టుకున్న మనిషి రక్తం చూసి మొహం తిప్పుకుంటే వెలుతురు కూడా దాంతోపాటే తిరిగిపోయేది. అంచేత లైటుకు ఇన్వర్టరు తప్పనిసరి. ఎల్.ఇ.డి. తాగేది ఇరవై వాట్ల ప్రాంతమే కాబట్టి చిన్న ఇన్వర్టరు కూడా గంటలు గంటలు మోస్తుంది. గాలి కంప్రెసరు ఆగితే పని ఆపవచ్చు. సూది నోట్లో వుండగా లైటు ఆరకూడదు. నుదుటికి కట్టుకునే బ్యాటరీ లైటు ఒకటి సొరుగులో వుంచుకోవడం ఇంకా మేలు. అది చూపు వెంటే వస్తుంది, నీడ వుండదు. అయితే అది పెద్ద లైటుకు తోడేగాని బదులు కాదు.

రెండోది ఉప్పుగాలి. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వైపు ఇనుము ఏ మూల చూసినా తుప్పే. లైటు చెయ్యి కీళ్ళు తుప్పుపట్టి బిగుసుకుంటాయి, లేదా వదులై లైటు తనంతట తనే కిందికి జారుతుంది. కొనేముందు లైటును పది చోట్ల పెట్టి వదిలి చూడండి. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడాలి. వర్షాకాలం తేమకు వెనక అద్దం మీద బూజు మచ్చలు వస్తాయి. మూత బిగువుగా వున్న రకం తీసుకోండి. రిపేరు చేసే మనిషి రాజమండ్రిలోనో, కాకినాడలోనో వున్నాడా, లేక మద్రాసు నుంచి రావాలా అన్నది ధర కంటే ముందు అడగండి.

లైటు పిడి సంగతి కూడా మరచిపోకూడదు. డాక్టరు మీ నోట్లో పెట్టిన చేతితోనే ఆ పిడి పట్టుకుని లైటు జరుపుతారు. అంతకుముందు మనిషి ఎంగిలీ, రక్తమూ ఆ పిడికి అంటి వుండవచ్చు. వూడదీసి ఆవిరి యంత్రంలో ఉడికించే పిడి వుండాలి. లేదా మనిషి మనిషికీ కొత్త తొడుగు వేయాలి. చెయ్యి ఊపితే వెలిగే రకం ఇంకా శుభ్రం. ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి.

మీ ఇంటి దీపం

క్లినిక్ పెట్టని మిగతావాళ్ళు నెలకోసారి ఒక పని చేయండి. పొద్దున పూట ఎండ వెలుతురు వచ్చే అరుగు మీదో, కిటికీ దగ్గరో అద్దం పెట్టుకుని నోరు తెరవండి. కట్టుడుపళ్ళు వుంటే తీసేయండి. పెదవుల లోపల, రెండు బుగ్గలు, నాలుక రెండు పక్కలు, నాలుక కింద, అంగిలి – వరసగా చూడండి. మూలలు కనిపించకపోతే టార్చి వేసుకోండి. సెల్‌ఫోను దీపం మచ్చ వుందో లేదో చూపిస్తుంది గాని, దాని రంగును నమ్మకండి. రంగుకు పగటి వెలుతురే ప్రమాణం.

తుడిచినా పోని తెల్ల మచ్చ, మఖమలులాంటి ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిపడిన గడ్డ, నోరు మునుపటంత తెరుచుకోకపోవడం – వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని వూరుకోవద్దు. తొలి దశలో నొప్పి వుండదు. అదే దాని మోసం. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, పొగాకు కిళ్ళీ అలవాటున్నవాళ్ళకు ఈ పరీక్ష మరీ అవసరం. కనిపించిన ప్రతి మచ్చా క్యాన్సరు కాదు. అవునో కాదో తేల్చేది ముక్క పరీక్షే గాని, దీపమూ కాదు, అద్దమూ కాదు. దీపం చేసే పని మనల్ని వేళకు డాక్టరు దగ్గరకు పంపడం.

మీ ఇంట్లో మామ్మగారో తాతగారో వుంటే, వాళ్ళ నోరు చూసే పని మనవళ్ళకు అప్పగించండి. దాచుకున్న చుట్ట సంగతి వాళ్ళకే ముందు తెలుస్తుంది.